ముందొచ్చేవి వెనక కాళ్ళు

పరీక్షలకి ఎంత టైము పోతోందని
స్కూలు బోర్డు మీటింగులో ఒక తల్లి లేచి అడిగింది.
తొమ్మిది గంటలేనమ్మా, అన్నాడు టై కట్టుకున్నాయన,
ఏడాది మొత్తానికి తొమ్మిదే గంటలు.
వెనకాల కుర్చీలు మడతపెడుతున్నాను నేను.
నన్నెవరూ అడగలేదు.

నన్నడిగితే పెన్సిళ్ళు చెక్కే డబ్బా చూపించేవాణ్ణి.
జనవరి దాకా వారానికోసారి దులిపితే చాలు.
ఫిబ్రవరి నించి రోజూ పొంగుతుంది,
పసుపురంగు అంచున్న చెక్కపొట్టు.
నాలుగో క్లాసు బల్లల కింద రబ్బరు తురుము
చీపురికి ఓ పట్టాన లొంగదు,
దిద్దుకున్న తప్పుకొక నల్ల పురుగు.

నా పేరు ఆర్విల్. ఒహైయో నది ఒడ్డున ఈ బడికి
పంతొమ్మిదేళ్ళుగా తాళాలూ నావే, తడిగుడ్డా నాదే.
మార్చిలో గోధుమరంగు కాగితం చుట్టలు దిగుతాయి.
గోడ మీద ఒక్క అక్షరం కనపడకూడదట.
ఎక్కాల పట్టీకీ, ప్రపంచ పటానికీ,
పిల్లలు ముగ్గురు కలిసి రంగులేసిన తిమింగలానికీ
నిచ్చెనెక్కి ముసుగేసేది నేనే.
ఏప్రిల్లో గంట కూడా ఆపేస్తాను.

తొమ్మిది గంటలే. నిజమే.
ముల్లు దిగేది క్షణమే,
కుంటేది?

మిస్ ప్రూయిట్ గదిలో కిటికీ పక్కన గాజుతొట్టి.
మార్చి మొదట్లో మార్లీ తెచ్చింది
వాళ్ళ పొలం వెనక నీటిగుంటలోంచి,
సగ్గుబియ్యం జావలాంటి గుడ్లముద్ద,
గింజకొక నల్లచుక్క.
సైన్సు పీరియడ్‌లో రోజూ చూసి రాసుకుందాం అనుకున్నారు.
వారం తిరక్కుండా బోర్డు మీద సైన్సు చెరిగి
ప్రాక్టీసు అని పడింది.
బొమ్మల పీరియడ్ చెరిగి ప్రాక్టీసు.
పాటల పీరియడ్, అదీ.
తొట్టి మీదా ఒక కాగితం వచ్చి పడింది,
పిల్లల చూపులు అటు పోతున్నాయని.
నీళ్ళు మార్చమని నాకో చీటీ,
కింద చిన్న అక్షరాల్లో, "ఏమీ అనుకోకు ఆర్విల్."

రాత్రి పదింటికి బకెట్టు దించి
ఆ కాగితం కొస ఎత్తి చూసేవాణ్ణి.
చుక్క కామా అయింది.
కామా ఈదడం నేర్చింది.
ఒకనాడు తోక మొదట్లో
దారప్పోగుల్లా రెండు కాళ్ళు.
వెనకవి! ముందొచ్చినవి వెనకవి!
చెప్పడానికి హాల్లో నేలతుడిచే మిషను తప్ప ఎవరూ లేరు.
పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచున్నాను.
ఆ రాత్రి జిమ్ము తుడవలేదు.

మర్నాడు చెత్తబుట్టలో ఒక ప్రాక్టీసు పేపరు,
'కప్ప జీవితం', ఆరు పేరాలు.
ఈ పాఠంలో ముఖ్య విషయం ఏది?
మార్లీ చేతిరాత. సి నింపి, చెరిపి,
బి నింపి, చెరిపి, మళ్ళీ సి,
అక్కడ కాగితం చిల్లుపడింది.
ఆమె బల్ల నించి తొట్టికి నాలుగడుగులు.

మే నెలలో, రెండో రోజు లెక్కల పరీక్ష ముందు రాత్రి
గాజుకి కరుచుకుని ఉన్నాయి పదకొండు కప్పలు,
బొటనవేలి గోరంతవి.
ఇంక ఆగవు. ఆకలి వాటికి.
బకెట్లో వేసుకుని వాగుదాకా నడిచాను.
ఎవరి పర్మిషనూ అడగలేదు.

కాగితాలు పీకేస్తున్న రోజు
మార్లీ ఖాళీ తొట్టి ముందు నించుని ఉంది.
ముందు ఏ కాళ్ళొచ్చాయి?
వెనకవి.
ఎవరు చెప్పారు?
చూశాను.
కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.
మరి తోక? రాలిపోయిందా?
నీళ్ళు వడగట్టి మరీ వెతికాను, అన్నాను,
ఒక్క తోక దొరకలేదు.
అయితే ఎటు పోయింది?
నాకూ తెలీదమ్మాయ్.

నిచ్చెన దిగి పక్కన కూచున్నాను.
ఖాళీ నీళ్ళలోకి చూస్తూ ఇద్దరం
ఆ తోక గురించి చాలాసేపు ఆలోచించాం.
గంట ఇంకా కలపలేదు నేను.